ట్యాంకు అడుగున చేరిన వాన నీరు: కృష్ణపట్నం వైపు ఒక నూనెల యార్డు కేసు

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల వంటనూనెలు నిల్వ చేసే యార్డులు చాలానే ఉన్నాయి. ఓడల్లో వచ్చిన పామాయిల్, సన్‌ఫ్లవర్ నూనె పైపుల్లో ఈ ట్యాంకులకు చేరి, అక్కడి నుంచి రిఫైనరీలకు పోతుంది. ఈ కేసు అలాంటి ఒక యార్డుది. అది ఎవరిదో తెలియకుండా ఉండాలని ట్యాంకుల సంఖ్య, వాటి అమరిక కొంచెం మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

ట్యాంకు అడుగున నీరు కనబడగానే అందరి చూపూ సీలింగ్ (సందులు పూడ్చడం) మీదకే పోతుంది. ఎక్కడ సందు ఉంది, దేనితో పూడ్చాలి అన్న మాటే తప్ప, ఇప్పటికే లోపలికి పోయిన నీరు ఏ దారిన బయటకు రావాలని ఎవరూ అడగరు. ఈ యార్డులో ఆ మాట అడగకముందే సీలింగ్ మీద చాలా డబ్బు పోసేశారు. మెయింటెనెన్స్ చూసే వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

యార్డు ఎలా ఉందంటే

ఒకే డైక్‌లో, అంటే నూనె కారినా బయటికి పోకుండా చుట్టూ కట్టిన గట్టు లోపల, ఆరు ట్యాంకులు. పెద్దవి 18 మీటర్ల వ్యాసం. అన్నీ చదును అడుగున్న నిలువు ట్యాంకులు. ట్యాంకు అంచు కింద చుట్టూ కాంక్రీటు రింగ్ వాల్ (వలయంగా కట్టిన పునాది గోడ), దాని మధ్యలో దిమ్మిస చేసిన ఇసుక, పైన తారు కలిపిన ఇసుక పొర, ఆ మీద బాటమ్ ప్లేటు (ట్యాంకు అడుగు ఇనుప రేకు). పామాయిల్ గడ్డకట్టే సరుకు కాబట్టి ఆ ట్యాంకుల్లో స్టీమ్ కాయిల్స్ (ఆవిరితో వేడి చేసే గొట్టాలు) ఉన్నాయి, బయట ఇన్సులేషన్, దాని మీద అల్యూమినియం రేకు. సన్‌ఫ్లవర్ ట్యాంకులకు ఇవేవీ లేవు, షెల్‌కు (ట్యాంకు నిలువు గోడకు) పెయింట్ మాత్రమే.

నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ఎడతెరిపి ఉండదు. 18 మీటర్ల ట్యాంకు కప్పు వైశాల్యం సుమారు 254 చదరపు మీటర్లు. 100 మి.మీ. వాన పడితే ఒక్క కప్పు మీద నుంచే 25 వేల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. కప్పు శంకువులా నలువైపులా వాలుగా ఉంటుంది కనుక ఆ నీరంతా షెల్ వెంట జారి పాదం దగ్గరే పడుతుంది. చుట్టుకొలతలో మీటరుకు 450 లీటర్లు. గాలి ఒక వైపు నుంచి కొడితే ఆ వైపు ఇంకా ఎక్కువ. పైగా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు ఎండల్లో షెల్‌కు పట్టి ఉంటుంది. మొదటి వాన దాన్ని కడిగి నేరుగా బాటమ్ ప్లేటు అంచుకు చేరుస్తుంది. మామూలు వాన నీటికన్నా ఆ నీరు ఇనుముకు ఎక్కువ చేటు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

2022 డిసెంబరులో మాండౌస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు వైపూ బాగా వానలు పడ్డాయి. వాన వెలిసి, డైక్‌లో నీరంతా తోడేసి, నేల ఆరిపోయాక కూడా ఒక పామాయిల్ ట్యాంకు రింగ్ వాల్ మీది నుంచి నీరు ఊరుతూనే ఉంది. ఊరిన చోటల్లా ఎర్రటి తుప్పు చారలు. యార్డు మేనేజర్ టెన్షన్ పడ్డది నీటి గురించి కాదు. బాటమ్ ప్లేటుకు చిల్లు పడి, నూనె కూడా కింద నుంచి పోతోందేమోనని.

ముందు ఆ భయం తీర్చాలి. ట్యాంకును కదపకుండా, వాల్వులన్నీ మూసి, ఉష్ణోగ్రత సవరణతో సహా డిప్ తీసి (నూనె మట్టం కొలిచి) చూశాం. తేడా లేదు. ఊరుతున్న నీటిని గాజు సీసాలో పట్టి నిలబెట్టాం, పైన నూనె తెట్టు రాలేదు. ఇవి రెండూ చాలవని అనుకునే వాళ్ళూ ఉంటారు, నిజమే, సన్నని చిల్లు ఇలా దొరక్కపోవచ్చు. కానీ ట్యాంకు ఖాళీ చేసి తెరవడమంటే సరుకు సర్దుబాటు, క్లీనింగ్, వారాల పని. అంత దూరం పోయే ముందు ఊరే నీరు ఎక్కడిదో తేల్చుకోవడం మేలనిపించింది.

ఇక్కడ ఇంకో అనుమానం. యార్డు క్రీక్‌కు (సముద్రపు పాయకు) దగ్గర, భూగర్భ జలం పైపైనే ఉంటుంది. నీరు కింద నుంచి పైకి వస్తోందా, పై నుంచి లోపలికి పోయి తిరిగి వస్తోందా? రెండింటికీ చేయాల్సిన పని వేరు. కింద నుంచి వస్తుంటే చుట్టూ కాలువ తవ్వినా లాభం లేదు. డైక్ బయట ఒక గుంత తవ్వించాం. పక్కనే రొయ్యల గుంటలు సాగు చేసే రైతు దగ్గర సెలినిటీ (నీటిలో ఉప్పు) చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటే అడిగి తెచ్చాం. మన దగ్గర ఆక్వా పుణ్యమా అని ఆ పరికరం ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగనక్కర్లేదు. ఒక్కో చుక్క గాజు పలక మీద వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే, గుంతలో నీటికి గీత 20 దాటింది, ట్యాంకు కింద నుంచి ఊరే నీటికి సున్నా పక్కనే ఆగింది. అంటే అది భూగర్భ జలం కాదు. కొంచెం ఉప్పు కడుక్కొచ్చిన వాన నీరే. పై నుంచే పోయింది, ఎక్కడో నిలిచి, మెల్లగా వెనక్కి వస్తోంది.

అంతకు ముందు చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మేము వెళ్ళేసరికే మూడు రకాల రిపేర్లు జరిగి ఉన్నాయి.

మొదటిది గోలా, అంటే మూలను ఏటవాలుగా నింపే సిమెంటు పూత. బాటమ్ ప్లేటు షెల్ బయటికి కొంచెం పొడుచుకు వచ్చి ఉంటుంది కదా, ఆ అంచుకూ రింగ్ వాల్‌కూ మధ్య సందులో సిమెంటు కూరి, ఏటవాలుగా గోలా కొట్టారు. చూడటానికి బాగుంది. అయితే ట్యాంకు కదలని వస్తువు కాదు. నింపినప్పుడు నూనె ఒత్తిడికి షెల్ కింది భాగం బయటికి ఉబ్బుతుంది, అంచు కొద్దిగా తిరుగుతుంది. ఖాళీ అయితే మళ్ళీ వెనక్కి. పామాయిల్ ట్యాంకులో వేడికి వచ్చే సాగుడు అదనం. సిమెంటుకు ఆ సాగే గుణం లేదు. వెంట్రుక మందం పగులు వచ్చింది. ఆ పగులు గుండా నీరు లోపలికి పోవడం సులువు, ఆరి బయటికి రావడం కష్టం. గోలా లేనప్పుడు కనీసం గాలి తగిలేది.

"సార్, దీన్ని ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టామో లెక్కే లేదు. ట్యాంకు నిండిందంటే మళ్ళా పగిలిపోతా ఉండాది," అన్నాడు అక్కడ మొదటి నుంచీ పని చేస్తున్న మేస్త్రి. సమస్య ట్యాంకు నింపడంతో ముడిపడి ఉందని రిపోర్టులు రాసినవాళ్ళ కన్నా ముందే ఆయనకు తెలుసు. ఎవరూ అడగలేదు.

రెండోది, గోలా మీద తారు మాస్టిక్ (సందులు పూడ్చే తారు ముద్ద). ఎండాకాలంలో, అందులోనూ వేడిగా ఉండే ట్యాంకు పక్కన, అది మెత్తబడి కిందికి జారింది. చలికాలంలో గట్టిపడి షెల్ నుంచి ఊడి నిలబడింది. షెల్‌కూ మాస్టిక్‌కూ మధ్య చిన్న తొట్టి తయారై, కప్పు నీరంతా అందులో పడుతోంది.

మూడోది పంపు. డైక్ సంపులో (నీరు వచ్చి చేరే గుంటలో) పెద్ద పంపు పెట్టారు. డైక్‌లో నీటి మట్టం తగ్గించడానికి అది మంచి పనే. కానీ వాన ముదిరిన వేళకే కరెంటు పోతుంది, అదీగాక పంపు తోడేది సంపుకు చేరిన నీటినే. ట్యాంకు పాదం దగ్గర నిలిచినది సంపు దాకా రావాలి కదా.

డైక్ డ్రెయిన్ వాల్వు వానాకాలమంతా తెరిచి ఉంచేద్దామని ఒక సలహా కూడా వచ్చింది. దానికి నేను ఒప్పుకోలేదు. డైక్ కట్టేదే ట్యాంకు పగిలినా, పైపు ఊడినా నూనె అక్కడే ఆగాలని. వాల్వు తెరిచి ఉంటే డైక్ ఉన్నా లేనట్టే. బయటి కాలువ రొయ్యల గుంటల పక్కగా క్రీక్‌లోకి పోతుంది. వంటనూనె విషం కాకపోవచ్చు, కానీ నీటి మీద పొరలా పరుచుకుంటే కింద ఆక్సిజన్ అందదు, ఒక్క రాత్రిలో రొయ్య పైకి తేలుతుంది.

నేల మట్టాలు చెప్పిన సంగతి

మొదట లెవెల్స్ తీశాం. ఆటో లెవెల్‌తో డైక్ అంతా, ఆపైన ప్రతి ట్యాంకు చుట్టూ దగ్గర దగ్గరగా. డ్రాయింగు ప్రకారం రింగ్ వాల్ డైక్ నేల కన్నా 300 మి.మీ. పైకి ఉండాలి. చాలా చోట్ల 90 నుంచి 130 మాత్రమే ఉంది. రింగ్ వాల్ కుంగిందేమోనని మొదట అనుమానించాం. ట్యాంకు మట్టాలు నిలకడగానే ఉన్నాయి. పెరిగింది నేల. పగుళ్ళు వచ్చిన ప్రతిసారీ పాత కాంక్రీటు తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తూ వచ్చారు. దానివల్ల డైక్ పట్టే నూనె పరిమాణం కూడా తగ్గింది, ఆ లెక్క ఎవరూ వేసుకోలేదు. పోసిన పొరల వాలు కూడా సంపు వైపు లేదు. రెండు ట్యాంకుల మధ్య కొత్తగా కట్టిన పైపు సపోర్టు దిమ్మె అడ్డం రావడంతో నీరు వెనక్కి తిరిగి ట్యాంకుల వైపే పోతోంది.

లెవెల్స్ కాగితం మీద చూపిస్తే యాజమాన్యానికి ఎక్కదు. అందుకని ఫిబ్రవరిలో, నేల పొడిగా ఉన్నప్పుడు, కృత్రిమంగా వాన పెట్టాం. ఫైర్ హైడ్రంట్ నీరు వాడవచ్చు కానీ అది ఉప్పు బోరు నీరు. ప్లేటు అంచుకు ఇంకాస్త ఉప్పు పట్టించడం దేనికని మంచినీటి ట్యాంకరు తెప్పించాం. షెల్ మీద సన్నగా నీరు జారేలా పెట్టి, పాదం దగ్గర చిటికెడు రంపపు పొట్టు చల్లాం. పొట్టు కాసేపు అక్కడక్కడే తిరిగింది. తర్వాత ఒక్కొక్క పలుకూ ప్లేటు అంచు వైపు జరిగి, సందు నోట్లో వరసగా చేరి అంటుకుపోయింది. సందు అగ్గిపుల్ల మందం కూడా లేదు. అంత సన్నటి సందు నీటిని లోపలికి లాగేసుకుంటుంది, వాలు లేకపోయినా సరే. మేనేజర్ వంగి చూసి, "ఇది తాగుతా ఉంది కదా సార్!" అన్నారు. ఆ తర్వాత బడ్జెట్ గురించి మళ్ళీ మాట్లాడాల్సిన పని పడలేదు.

ఇక మిగిలింది లోపలికి పోయిన నీరు. పాత డ్రాయింగులో రింగ్ వాల్‌కు చుట్టూ వీప్ పైపులు చూపించారు. ఇసుకలోకి చేరిన తేమ బయటికి పోవడానికి పెట్టేవి. సైటులో ఒక్కటీ కనబడలేదు. కట్టేటప్పుడే మానేశారని కొందరన్నారు. మట్టాలు చూస్తే నాకు అలా అనిపించలేదు; పైపుల నోళ్ళు ఉండాల్సిన ఎత్తు సరిగ్గా కొత్త కాంక్రీటు పొర వెనక పడుతోంది. ఒక చోట కట్టర్‌తో కోసి చిన్న పలక లేపించాం. పైపు ఉంది, నోటి నిండా సిమెంటు పాలు గడ్డకట్టి ఉంది. మేస్త్రి సన్న ఉలితో పొడవగానే నల్లటి నీరు ముందు బొట్లుగా, ఆపైన చిటికెన వేలు లావు ధారగా వచ్చింది. వాన పడి వారాలు దాటింది. ఆ నీరు అన్నాళ్ళూ బాటమ్ ప్లేటును అంటుకునే ఉంది.

ఇక్కడే పని వరస మారింది. అప్పటి దాకా సీలింగ్‌కు కొటేషన్లు వచ్చి ఉన్నాయి, మంచి మెటీరియలే. అవి వేసి ఉంటే కింద నీటిని లోపల పెట్టి మూత బిగించినట్టయ్యేది. ముందు బయటికి దారి, తర్వాత పాదం దగ్గర కాలువ, ఆఖరున సీలింగ్ అని నిర్ణయించాం.

చేసిన పని

రింగ్ వాల్ చుట్టూ రెండున్నర అడుగుల వెడల్పున అదనపు కాంక్రీటు తీసేశాం. ఒకేసారి చుట్టూ తవ్వలేదు. ఒక పావు భాగం తీసి, పూర్తి చేసి, ఆ తర్వాతే ఎదురు పావు. రింగ్ వాల్ పునాది మట్టానికి కిందికి గడ్డపార దిగకూడదని స్ట్రక్చరల్ ఇంజనీరు గీత గీసి ఇచ్చారు. ఇసుకను పక్కకు పోకుండా పట్టి ఉంచేది ఆ గోడే, తొందరపడితే నీటి సమస్య పోయి కుంగుడు సమస్య వస్తుంది.

వీప్ పైపులు శుభ్రం చేయడంలోనూ అదే జాగ్రత్త. నోరు తెరిచి వదిలేస్తే నీటితో పాటు ఇసుక కూడా కొద్దికొద్దిగా వచ్చేస్తుంది, ప్లేటు కింద ఖాళీ ఏర్పడుతుంది. ప్రతి పైపు లోపలి వరకు స్టెయిన్‌లెస్ జాలీ, జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి ఇసుకను ఆపే గుడ్డ) చుట్టిన చిన్న రంధ్రాల గొట్టం దూర్చాం. మొదటి రోజుల్లో కింద బకెట్ పెట్టి ఇసుక వస్తోందా అని చూశాం. రెండు పైపుల్లో వచ్చింది, వాటికి గుడ్డ మార్చాం.

కాలువ వాలు మీద కొంత తర్జనభర్జన జరిగింది. ట్యాంకు చుట్టూ నీరు రెండు వైపులా చీలి ఎదురు మూలకు చేరాలి. ఒక్కో వైపు సుమారు 31 మీటర్లు. 1:100 వాలు పెడితే చివరికి 31 సెం.మీ. లోతు దిగాలి, సంపు నోరు అంత కిందికి లేదు. 1:200 అయితే 15 సెం.మీ. చాలు. తక్కువ వాలులో మట్టి పేరుకుంటుందన్నది నిజమే. అందుకే లోపలి ఫినిషింగ్ నున్నగా చేయించి, పైన పలకలు వేయకుండా తెరిచే ఉంచాం. వెడల్పు 300 మి.మీ., పార పట్టేటంత. మూసిన కాలువ చూడ్డానికి నీటుగా ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. నా మటుకు నాకు ట్యాంకు యార్డులో మూసిన కాలువ మీద నమ్మకం లేదు. కాలువ అడుగు అన్ని చోట్లా వీప్ పైపు నోటికి కిందే ఉండేలా చూశాం, లేకపోతే కాలువలో కొద్దిగా నీరు పారినా అది పైపుల గుండా వెనక్కి పోతుంది.

కప్పు నీటిని ప్లేటు అంచుకు అవతల పడేలా చేయాలి. కప్పు చుట్టూ గట్టర్ పెడదామని యాజమాన్యం అడిగింది. ఆకులు లేకపోయినా పావురాల రెట్టలు, దుమ్ముతో అది పూడుతుంది. పూడితే చుట్టూ పంచుకుని పడే నీరు ఒకే చోట దూకుతుంది. తుపాను గాలికి రేకు లేస్తే ఇంకో ప్రమాదం. వద్దన్నాం. పామాయిల్ ట్యాంకులకు దారి తేలిగ్గానే దొరికింది. ఇన్సులేషన్ నేల దాకా దిగి తడిని వత్తిలా పైకి పీలుస్తోంది. దాన్ని కింద అరడుగు కోసేసి, ఉన్న క్లాడింగ్‌కే (పైనున్న అల్యూమినియం రేకుకే) బయటికి వాలిన అంచు రేకు రివెట్లతో బిగించాం. నీరు దాని మీది నుంచి నేరుగా కాలువలో పడుతుంది. కోసిన చోట షెల్ మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది. గీకి, మందం కొలిచి, పెయింట్ వేశాం.

సన్‌ఫ్లవర్ ట్యాంకులకు క్లాడింగ్ లేదు, షెల్‌కే యాంగిల్ రింగ్ (చుట్టూ తిరిగే L ఆకారపు ఇనుప పట్టీ) వెల్డ్ చేయాలి. లోపల ఎపాక్సీ పూత ఉంది. బయట వెల్డింగ్ చేస్తే లోపల పూత కాలుతుంది, ఆ చోట నూనెకు ఇనుము తగులుతుంది. సరుకు ఉండగా ఆ పని చేయకూడదు. క్లీనింగ్‌కు ట్యాంకు ఖాళీ అయినప్పుడు వెల్డింగ్, లోపల పూత రిపేరు కలిపి చేయాలని షెడ్యూలులో పెట్టించాం. అప్పటి దాకా కాలువతోనే సరిపెట్టుకోవాలి.

సీలింగ్ ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. పాత గోలా, మాస్టిక్ మొత్తం చెక్కి తీసి, రింగ్ వాల్ పైభాగాన్ని బయటికి వాలు చేశాం. సందులో సిమెంటు పెట్టలేదు. ఒక ట్యాంకుకు ట్రయల్‌గా పాలీయురేథేన్ పూత, మధ్యలో ఫైబర్ గుడ్డతో వేసి చూస్తే, సముద్రం వైపు కొంత మేర బుడగలు లేచి ఊడింది. ఊడిన పొర వెనక తెల్లగా ఉప్పు. బ్రష్‌తో తోమి తుప్పు వదిలించారు కానీ ఉప్పు కడగలేదు. తర్వాతి ట్యాంకులకు మంచినీటితో ప్రెషర్ వాష్ చేసి, ఆరాక ఉప్పు పరీక్ష చేసి, ఆ రోజే ప్రైమర్ కొట్టించాం. పొద్దున కడిగి మర్నాడు ప్రైమర్ అంటే ఇక్కడ కుదరదు, రాత్రి గాలికే మళ్ళీ ఉప్పు పడుతుంది.

డైక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉంటుంది. వాన పడ్డాక ఆపరేటర్ సంపులో నూనె పొర లేదని చూసి, రిజిస్టరులో రాసి, తనే నిలబడి వదిలి, మళ్ళీ మూయాలి. వాల్వు పక్కన తెలుగులో బోర్డు పెట్టించాం. దాని హ్యాండిల్ ఏ వైపు ఉంటే మూసినట్టో రంగుతో గీత కొట్టించాం, రాత్రి డ్యూటీ వాళ్ళు అడిగింది అదే.

తర్వాతి వానాకాలం

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు తీరాన్ని బాగా తడిపింది. వాన జోరుగా ఉన్నప్పుడు కాలువలు అంచుల దాకా వచ్చాయి కానీ రింగ్ వాల్ మీదికి ఎక్కలేదు. వెలిసిన మర్నాడు వీప్ పైపుల దగ్గరికి వెళ్ళి చూస్తే పామాయిల్ ట్యాంకుల కింద పైపులు పొడిగా ఉన్నాయి. సన్‌ఫ్లవర్ ట్యాంకులవి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. సీలింగ్ అన్నిటికీ ఒకటే, తేడా ఆ అంచు రేకు ఒక్కటే. షట్‌డౌన్‌లో యాంగిల్ రింగ్ ఎందుకని అడిగిన పర్చేజ్ వాళ్ళకు ఆ ఫోటోలు పంపితే ఆర్డరు కదిలింది.

పైపు సపోర్టు దిమ్మె దగ్గర ఇప్పటికీ జానెడు నీరు నిలుస్తోంది. దాన్ని తీయాలంటే లైను ఆపాలి. అడుగున పైపు దూర్చే ఏర్పాటు చేశారు కానీ అది ఇరుకు, చెత్త పడితే పూడుతుంది. వానాకాలంలో ప్రతి సోమవారం కాలువలు ఊడ్చేటప్పుడు ముందు దాన్నే పొడుస్తారు.

అన్ని నెలలు నీరు నిలిచిన బాటమ్ ప్లేటు కింది వైపు ఎంత తిన్నదో పై నుంచి చెప్పలేం. మొదట ఊరిన ఆ పామాయిల్ ట్యాంకును క్లీనింగ్‌కు తెరిచినప్పుడు ప్లేటు అంతా స్కాన్ చేయాలని, అందులోనూ షెల్ లోపలి అంచు నుంచి మీటరు వెడల్పు పట్టీని దగ్గర దగ్గర గడులుగా కొలవాలని ఇన్‌స్పెక్షన్ ప్లానులో రాశాం. ఆ మందాలు వచ్చాకే ప్యాచ్ వేయాలా, ప్లేట్లు మార్చాలా అన్నది తేలుతుంది.